ఏడాది నిండిన బిడ్డకు ఏ పాలు?

కోయంబుత్తూరులోను మధురలోను మనవారి యిండ్లలో బిడ్డ తొలి పుట్టినరోజు వేడుకకు పోయినవారు ఒక క్రొత్త ఆచారమును గమనించియుందురు. వెండి ఉగ్గుగిన్నె తెచ్చు మేనమామ ప్రక్కనే పాలపొడి డబ్బా తెచ్చు బంధువును కానవచ్చుచున్నాడు. డబ్బాపై 3 అనియో 4 అనియో అంకె యుండును. ఏడాది నిండినది గనుక ఇక ఈ అంకెగల డబ్బాకు మారవలెనని కోడలు తలచును. "మా కాలమున ఆవుపాలు చాలలేదా?" అని అవ్వ అడుగును. ఈ తగవులో మేము అవ్వ పక్షముననే యున్నాము. అయితే పూర్తిగా కాదు.

ఏడాది నిండకమునుపు ఆవుపాలను ముఖ్యాహారముగా పోయుట తగదు. ఆ విషయమున వెనుకటివారి అలవాటు తప్పే. ఏడాది దాటిన పిమ్మట సంగతి వేరు. తల్లిపాలు రెండేండ్ల వరకును, ఆపైనను ఇయ్యవచ్చును. తల్లిపాలు లేని బిడ్డకు 12 నుండి 23 నెలల వయస్సున సాధారణమైన పశువుల పాలు చాలుననియు, ఆ వయస్సునకని ప్రత్యేకముగా చేసిన పాలపొడులు అక్కరలేదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టముగా చెప్పినది. పాలు సరిపడని బిడ్డలకును, వ్యాధిగ్రస్తులకును వైద్యుని మాటయే ప్రమాణము.

400 గ్రాముల డబ్బాను కలిపినచో సుమారు మూడు లీటర్ల పాలగును. అది బిడ్డకు వారము దినములైన రాదు. అదే వెలకు పాకెట్టు పాలు ఎన్ని వచ్చునో ఇంటివారే లెక్కించుకొనవచ్చును. కొన్ని పొడులలో చక్కెరయు చేరియుండును. డబ్బా వెనుక సన్నని అక్షరములను ఓపికతో చదివినవారికి తెలియును. శిశువుల పాలపొడులను, పాలసీసాలను ప్రకటనలతో అమ్మరాదని 1992లో చట్టమైనది. 2003 సవరణతో రెండేండ్ల వయస్సు వరకును అది వర్తించును. రెండేండ్లు దాటిన పిల్లలకని చేసిన డబ్బా అదే పేరుతో, అదే రంగుతో ప్రకటింపబడినచో చిన్నదానికిని ప్రచారము దానంతట అదే జరుగును గదా!

ఇక అవ్వతో మా పేచీ. పాలు త్రాగిన బిడ్డ అన్నము తినకున్నను పరవాలేదని ఆమె నమ్మకము. మన యిండ్లలో అసలు ప్రమాదము ఇక్కడనే యున్నది. మన నీలగిరులలోని కూనూరున 1918లో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిపోయిన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారము ఒకటి మొదలు మూడేండ్ల బిడ్డకు దినమునకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. లీటరు ఆవుపాలలో ఒక మిల్లీగ్రామైనను లేదు. పైగా పాలు అధికమైనచో ఆకలి చచ్చును. ఇతరాహారములోని ఇనుము ఒంటబట్టుటయు తగ్గును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాట ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. బొద్దుగా, తెల్లగా ఉన్న బిడ్డను చూచి మురిసిపోవు మనము ఆ తెలుపు ఎక్కడిదని ఒకమారైన ఆలోచింపవలదా?

కావున దినమునకు అరలీటరు పాలు మించనీయరాదు. 3 పాళ్ల కొవ్వుగల టోన్డు పాలైనను చాలును. వెన్న పూర్తిగా తీసినవి మాత్రము ఈ వయస్సునకు పనికిరావు. కాచిన పాలలో నీరు కలుపనక్కరలేదు, చక్కెర అసలే వలదు. మిగిలిన కడుపు పప్పుబువ్వకు, మునగాకునకు, రాగిసంకటికి, తినువారియిండ్లలో గ్రుడ్డునకు, మాంసమునకు విడువవలెను. అంగన్వాడీలో ఇచ్చు సత్తుమావును తెచ్చుకొనుటకు మనవారిలో కొందరు నామోషీ పడుదురు. ఎందులకో మాకు తెలియదు. డబ్బా కొనుటకు అప్పుచేయువారు పిండి తెచ్చుకొనుటకు సిగ్గుపడుట విడ్డూరము.

పాలసీసాను కూడ ఏడాదితో మాన్పించి గిన్నెను అలవాటు చేయవలెను. ఉగ్గుపాలతో నేర్చిన భాష యని తరతరములుగా ఈ నేలపై చెప్పుకొనుచున్నాము. మాట మన నోట నిలిచినది, ఉగ్గుగిన్నె మాత్రము బీరువాలో చేరినది. రాబోవు పుట్టినరోజులకు పోవు మన సభ్యులు డబ్బాకు బదులు బిడ్డ తన చేతులతో పట్టుకొని త్రాగగల చిన్న గ్లాసొకటి, వీలైనచో రెండు సేర్ల రాగులు తీసికొనిపోవుదురని కోరుచున్నాము.