ఒక చుక్క కోసం

మస్జిదు బీరువాలో అట్ట ఊడిన అరబీ సంపుటాలు కనిపిస్తే, అవి కైరో నుంచో బైరూతు నుంచో వచ్చి ఉంటాయని అనుకుంటాము. మేమూ చాలాకాలం అలాగే భావించాము. ముఖపత్రం దిగువన ఉన్న ఊరిపేరు చదివిన తర్వాత గాని తెలియలేదు, అది మన హైదరాబాదేనని!

అవి దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురణలు. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (రహ్మలై) 1888లో ఆ సంస్థకు పునాది వేశారు. బుర్హాన్‌పూర్‌లో జన్మించి మక్కాలో స్థిరపడిన అలీ ముత్తఖీ (రహ్మలై) సంకలనం ‘కన్‌జుల్ ఉమ్మాల్’, ఇమామ్ బైహఖీ (రహ్మలై) ‘సుననె కుబ్రా’ 10 సంపుటాలు, హదీసు ఉల్లేఖకుల జీవితాలను పరిశీలించే ఇబ్నె హజర్ (రహ్మలై) ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ 12 సంపుటాలు అక్కడ అచ్చయ్యాయి. అల్ బీరూనీ ఖగోళ గ్రంథాన్ని కూడా వారు విడిచిపెట్టలేదు.

అసలు శ్రమ అచ్చుయంత్రానికి ముందున్నది. ఒకే గ్రంథపు వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన ఉంచి ఉలమా అక్షరమక్షరం సరిపోల్చేవారు. ఖబ్బాబ్, హుబాబ్ అనే పేర్లను అరబీలో వ్రాస్తే తేడా మొదటి అక్షరంపై ఉండే ఒక్క చుక్క. ఇద్దరూ సహాబాలే. హజ్రత్ ఖబ్బాబ్ (రజి) మక్కాలో నిప్పులపై హింసను భరించినవారు. హజ్రత్ హుబాబ్ (రజి) బద్ర్‌లో నీటి బావుల వద్ద విడిది చేయాలని సూచించిన అన్సారీ. లేఖకుడు ఆ చుక్కను మరచినా, దానిని పురుగు తిన్నా, ఒకరి మాట మరొకరి పేరున చేరిపోతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆ సంస్థ నేటికీ ఉన్నది. అదే ప్రాంగణానికి మన పిల్లలూ చదువులకు వెళ్తున్నారు. అదేమిటని వారడిగితే చెప్పగల ఇళ్ళు మనలో ఎన్ని? ఆ పరిష్కర్తల గురించి తెలుగులో మా కంటబడినది బహు స్వల్పం.