మీ ఇంగ్లిష్‌ను మీరెప్పుడైనా విన్నారా?

బీటెక్ ఫైనలియర్‌లో నా మొదటి క్యాంపస్ ఇంటర్వ్యూ. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అన్నారు. బట్టీ పట్టిందే కాబట్టి గడగడా అప్పజెప్పేశాను. 'ప్రాజెక్టులో నువ్వు సొంతంగా చేసిందేంటి?' అన్నది రెండో ప్రశ్న. అంతే, నోరు పెగల్లేదు. కోడ్ రాసింది నేనే, చెప్పడమే రాలేదు. సెలెక్టయిన వాళ్ల లిస్టులో నా పేరు లేదు.

ఆ రాత్రి హాస్టల్ రూమ్‌లో అదే ప్రశ్నకు జవాబు చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. వింటుంటే సిగ్గేసింది. రెండు నిమిషాల్లో 'బేసికల్లీ' 11 సార్లు! సగం వాక్యాలు మొదలయ్యాయే కానీ పూర్తి కాలేదు. అప్పటిదాకా నా సమస్య గ్రామర్ అనుకున్నాను. స్పోకెన్ ఇంగ్లిష్ వీడియోలు లెక్కలేనన్ని చూశాను కానీ, నా మాట నేను ఒక్కసారి కూడా వినలేదు.

మనలో చాలామంది పరిస్థితి ఇదే. యాప్‌లో వరుసగా 100 రోజులు పూర్తిచేశామని స్టేటస్ పెడతాం. ఆ 100 రోజుల్లో మీ ఇంగ్లిష్‌లో ఏం మారిందని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేస్తాం. నేర్చుకున్నదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడాన్ని 'రిఫ్లెక్షన్' అంటారు. అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే 'హౌ వి థింక్' పుస్తకంలో ఈ తరహా ఆలోచన గురించి వివరంగా రాశారు. దానికి కావాల్సిన సాధనాలన్నీ ఇప్పుడు మన జేబులోనే ఉన్నాయి, అదీ ఉచితంగా.

మొదటిది వాయిస్ రికార్డర్. వారానికోసారి ఒకే ప్రశ్నకు రెండు నిమిషాలు మాట్లాడండి. వెంటనే కాకుండా మర్నాడు వినండి. తర్వాత మూడే మూడు లైన్లు రాసుకోండి: ఏది బాగా చెప్పాను, ఎక్కడ ఆగిపోయాను, వచ్చే వారం ఏ ఒక్కటి సరిచేసుకోవాలి. పది తప్పులు ఒకేసారి దిద్దుకోవాలని చూస్తే ఒక్కటీ దారికి రాదు.

రెండోది వాయిస్ టైపింగ్. గూగుల్ డాక్స్‌లో ఉంది, ఫోన్ కీబోర్డులో మైక్ గుర్తు నొక్కినా చాలు. మీరు ఒకటంటే అది ఇంకోటి టైప్ చేసిందా? ఒక్కోసారి తప్పు దానిదే కావచ్చు. కానీ ఒకే మాట దగ్గర పదేపదే తడబడుతుంటే, ఆన్‌లైన్ డిక్షనరీలో ఆ మాట ఉచ్చారణ విని పోల్చుకోండి. బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు అని అచ్చుతో ముగించడం మన తెలుగు అలవాటు. అది ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడూ వెంటే వస్తుంది. మీ యాస మార్చుకోమని కాదు నేననేది, ఎదుటివాళ్లకు మాట అర్థమైతే చాలు.

మూడోది తప్పుల డైరీ. ఒక గూగుల్ డాక్ తెరిచి మీ తప్పు, దానికి కారణం పక్కపక్కన రాసుకోండి. 'ప్రాజెక్టు గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్' అనేస్తాం. ఆ 'గురించి' ఇంగ్లిష్‌లో అక్కర్లేదు, 'డిస్కస్డ్ ద ప్రాజెక్ట్' చాలు. కారణం తెలిసిన తప్పు మళ్లీ నోట్లోంచి వచ్చేలోపే మనకు గుర్తొస్తుంది.

ఏఐ చాట్‌బాట్ సంగతేంటి అంటారా? వాడండి. కానీ ముందు సొంతంగా రాయండి. 'దీన్ని బాగా రాసివ్వు' అని అడిగితే అద్దంలాంటి పేరా వస్తుంది, మీకు మాత్రం ఏమీ రాదు. 'తిరగరాయొద్దు, తప్పులెక్కడున్నాయో, ఎందుకు తప్పో చెప్పు' అని అడగండి. అది చెప్పిందీ గుడ్డిగా నమ్మకుండా ఒకసారి సరిచూసుకోండి. ఇంటర్వ్యూ గదిలో మీ పక్కన చాట్‌బాట్ కూర్చోదు కదా!

మూడు నెలలకోసారి మీ స్థాయిని మీరే అంచనా వేసుకోండి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన సీఈఎఫ్‌ఆర్‌లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలున్నాయి. 'నేను ఇది చేయగలను' అనే వాక్యాలతో ఉండే దాని స్వీయ అంచనా పట్టిక ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. టిక్ పెట్టేముందు రికార్డింగ్ వినండి, అప్పుడు మిమ్మల్ని మీరు మోసం చేసుకోలేరు.

నాకేమీ అద్భుతం జరగలేదు. తర్వాత రెండు ఇంటర్వ్యూలూ పోయాయి. కానీ ఎందుకు పోయాయో ఈసారి నాకు తెలుసు, డైరీలో రాసుకున్నాను. నాలుగో ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రాజెక్టు ప్రశ్న. నెమ్మదిగా, చిన్నచిన్న వాక్యాల్లో చివరిదాకా చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

ఇవాళ రాత్రి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు మాట్లాడండి. రేపు వినండి. మొదటిసారి కాస్త సిగ్గేస్తుంది, పర్లేదు. వినేది మీరొక్కరే కదా!