9వ ఇంజనీరు రెజిమెంటు (మద్రాస్ సాపర్స్)

9వ ఇంజనీరు రెజిమెంటు భారత సైన్యపు ఇంజనీర్ల కోరుకు చెందిన దళం. బెంగుళూరు కేంద్రంగా గల మద్రాస్ ఇంజనీరు గ్రూపులో ఇది ఒక భాగం. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో షకర్‌గఢ్ ప్రాంతాన, ముఖ్యంగా బసంతర్ నది వద్ద, మందుపాతరల నడుమ ట్యాంకులకు దారి ఏర్పరచినందుకు ఈ రెజిమెంటు ప్రసిద్ధి పొందింది. ఆ పోరాటాన్ని సాధారణంగా ట్యాంకుల యుద్ధంగానే వర్ణిస్తారు. కానీ ట్యాంకులు సమయానికి నది దాటగలవా లేదా అన్నది ఆ రాత్రి ఇంజనీర్ల పని మీదనే ఆధారపడి ఉన్నది.

నేపథ్యం

మద్రాస్ సాపర్ల చరిత్ర 1780లో మద్రాసులోని సెయింట్ జార్జి కోట వద్ద ఏర్పడిన రెండు పయనీరు కంపెనీలతో మొదలవుతుంది. దక్షిణాది రాష్ట్రాల యువకులు ఇందులో చేరుతూ వచ్చారు. సైన్యంలో వీరిని "తంబీలు" అని పిలవడం పరిపాటి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి వెళ్ళిన తెలుగువారు కూడా ఆ పిలుపులో తంబీలే. ముళ్ళకంచెలను పేల్చివేసే "బెంగుళూరు టార్పెడో" 1912లో ఈ దళంలోనే రూపొందింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1944 ఫిబ్రవరి 24న, ఇటలీలోని మిన్యానో వద్ద మందుపాతరలు తొలగిస్తుండగా సుబేదార్ సుబ్రమణ్యన్ తోటివారిని కాపాడడానికి పేలబోతున్న పాతరపై తానే పడి మరణించాడు. ఆయనకు మరణానంతరం జార్జి క్రాస్ లభించింది.

బసంతర్ యుద్ధం

1971 డిసెంబరు 3న పశ్చిమ సరిహద్దులో యుద్ధం ఆరంభమైంది. షకర్‌గఢ్ ప్రాంతంలో ముందుకు సాగే బాధ్యత 1వ కోరులోని 54వ పదాతి డివిజనుకు అప్పగించబడింది. లెఫ్టినెంట్ కల్నల్ బి.టి. పండిట్ నాయకత్వంలోని 9వ ఇంజనీరు రెజిమెంటు ఈ డివిజనుతో నడిచింది. పాకిస్తాన్ సైన్యం ఇక్కడ వరుస వెనుక వరుసగా మందుపాతరలు అమర్చి ఉంచింది. అందుచేత డివిజను ఎంత వేగంగా సాగగలదన్నది దాదాపుగా దారి తెరిచే వేగంతోనే ముడిపడింది.

డిసెంబరు 15 రాత్రి 47వ పదాతి బ్రిగేడు బసంతర్‌ను దాటి ఆవలి ఒడ్డున పట్టు సంపాదించింది. 16వ మద్రాస్, 3వ గ్రెనడియర్స్ దళాలు ఇందులో పాల్గొన్నాయి. పదాతి సైనికుడు జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ ట్యాంకు విధ్వంసక పాతరల మీదుగా కొంతవరకు పోగలడు, ఎందుకంటే అవి అధిక భారానికే పేలుతాయి. ట్యాంకుకు ఆ వెసులుబాటు లేదు. కిలోమీటరుకు పైబడిన ఆ పాతరల పట్టీలో ఫిరంగి గుండ్లు పడుతుండగా, చీకటిలో వెదకి, తొలగించి, ఇరువైపులా గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. ఇరుకైన ఆ దారిలో ఒక్క ట్యాంకు పాతరకు చిక్కినా వెనుకవన్నీ నిలిచిపోతాయి.

పని సగంలో ఉండగా, శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని ఆవలి ఒడ్డు నుండి సమాచారం వచ్చింది. ఆగితే పదాతి దళం ట్యాంకుల అండ లేకుండా ఎదురుదాడిని ఎదుర్కోవలసి వస్తుంది, కదిలితే దారిలోనే చిక్కుకునే ప్రమాదమున్నది. లెఫ్టినెంట్ కల్నల్ హనుత్ సింగ్ నాయకత్వంలోని 17వ పూనా హార్స్ పూర్తికాని దారి గుండానే ముందుకు సాగింది. ఈ నిర్ణయాన్ని కేవలం సాహసంగా చూడడం సరికాదు. అప్పటికి తొలగించిన సగం దారి లేకుంటే అసలు అటువంటి నిర్ణయానికే అవకాశం లేదు.

మరునాడు జరిగిన పోరులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ మరణించాడు. ఆయనకు, జర్పాల్ వద్ద పోరాడిన 3వ గ్రెనడియర్స్‌కు చెందిన మేజర్ హోషియార్ సింగ్‌కు పరమవీర చక్ర లభించింది. ఈ పేర్లు పాఠ్యపుస్తకాలలో కూడా కనిపిస్తాయి. ఆ రంగంలో దారులు తెరిపిస్తూ ఫిరంగి దాడిలో మరణించిన ఇదే ఇంజనీరు రెజిమెంటు మేజర్ విజయ్ రత్తన్ చౌదరి పేరు అంతగా వినిపించదు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర లభించింది. డిసెంబరు 17 రాత్రి యుద్ధం విరమించబడింది.

తరువాతి కాలంలో

బసంతర్ వద్ద ఎదురైన సమస్య అర్ధ శతాబ్దం గడిచినా తీరలేదు. 2023 వేసవిలో జపరోజియా ప్రాంతంలో ఉక్రెయిన్ సైన్యం చేపట్టిన దాడి లోతైన మందుపాతరల పట్టీల వద్ద చిక్కుకున్నది. పాశ్చాత్య దేశాలు ఇచ్చిన ట్యాంకులూ, పాతరలు తొలగించే యంత్రాలూ ఇరుకు దారులలో ధ్వంసమయ్యాయి. తరువాత ఇంజనీర్లు కాలినడకన, చేతులతో పాతరలు తీయవలసి వచ్చింది. 1971లో లేని డ్రోన్లు ఇప్పుడు పైనుండి కనిపెడుతుండడం వలన ఆ పని మరింత కష్టమైంది.

మనుషులను లక్ష్యంగా చేసుకునే మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందం 1997లో కుదిరింది. భారత్, పాకిస్తాన్‌లు అందులో చేరలేదు. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగిన తరువాత ఇరు దేశాలూ సరిహద్దు పొలాలలో పాతరలు అమర్చాయి. వాటిని అమర్చడంలోనూ, తిరిగి తీయడంలోనూ యుద్ధమే జరగకుండా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 2025లో ఫిన్లాండ్, పోలండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా దేశాలు రష్యా ముప్పును కారణంగా చూపి ఆ ఒప్పందం నుండి వైదొలగాలని నిర్ణయించుకున్నాయి. బసంతర్ వద్ద ట్యాంకులను నిలిపిన తరహా పాతరలకు మాత్రం ఆ ఒప్పందం మొదటి నుండీ వర్తించదు.