పింఛన్ల బాబుకు వీడ్కోలు: దండలు వద్దు, కాగితాలు పట్టుకుని రండి!



మన మండల పరిషత్ ఆఫీసులో పింఛన్ల సెక్షను చూసే సీనియర్ అసిస్టెంటు గారు ఈ నెల 31న రిటైరవుతున్నారు. ఉద్దానం కొబ్బరితోటల్లో అడిగినా, జీడిపిక్కలు ఒలిచే చోట అడిగినా, తీరంలో వలలు బాగుచేసుకునే వాళ్లనడిగినా ఆయన హోదా ఎవరూ చెప్పరు. 'పింఛన్ల బాబు' అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలుపెట్టి చూపిస్తారు. ఈ కరపత్రంలో ఆయన పేరు వేయలేదు. వేస్తే సభకు రానని ఖచ్చితంగా చెప్పేశారు.

వృద్ధులకు నెలకు 75 రూపాయలిచ్చే రోజుల నుంచీ ఆయన ఈ పనిలో ఉన్నారు. ఇప్పుడది 4,000 అయింది. పెంచినవి ప్రభుత్వాలు, నిజమే. కానీ జీవో అమరావతిలో వస్తే సరిపోదు కదా! ఆధార్‌లో వయసు తప్పు పడిన ముసలమ్మకూ, పీచు ఒలిచి ఒలిచి వేలిముద్రలు అరిగిపోయిన తాతకూ ఆ డబ్బు చేతికందాలంటే మధ్యలో ఓపికున్న మనిషి ఒకరు కూర్చోవాలి. ఇన్నేళ్లూ మన తరఫున అలా కూర్చున్నది ఆయనే.

కిడ్నీ జబ్బు సంగతి మనకు ఒకరు చెప్పాలా? డయాలసిస్‌కు వెళ్లే మనిషి పనికి పోలేడు, తోడు వెళ్లే భార్యకూ ఆ రోజు కూలి ఉండదు. నెలకు 10,000 రూపాయల పింఛనే ఆ ఇంటికి ఆధారం. డయాలసిస్ దాకా రాకపోయినా సీరం క్రియాటినిన్ 5 దాటి, మిగతా పరీక్షలు కూడా జబ్బు ముదిరిందని తేల్చిన వాళ్లకూ ఇప్పుడు అంతే ఇస్తున్నారు. ఆ 5 దగ్గరే ఎందరి దరఖాస్తులో ఆగిపోయాయి. రిపోర్టులో 4 ఉంటే బాబు అబద్ధపు ఆశ పెట్టలేదు. "ఇప్పుడు రాదమ్మా, మందులు మానకు, మళ్లీ పరీక్ష చేయించాక ఈ కాగితం తీసుకురా" అని చెప్పి పంపేవారు. ఆ రెండో రాకకు దళారీ అవసరం లేకుండా చేసింది ఆ మాటే.

వెనక్కి వచ్చిన దరఖాస్తు వెనుక ఆయన పెన్సిల్‌తో రాసే రెండు ముక్కలు చూశారా? 'ఇంటిపేరు రేషన్ కార్డులో ఒకలా, ఆస్పత్రి చీటీలో ఒకలా ఉంది. ముందు గ్రామ సచివాలయంలో సరిచేయించుకోవాలి.' అంతే. చదువు రాని మనిషి కూడా ఆ కాగితం సచివాలయంలో చూపిస్తే పని నడిచేది. ఏ కాగితం తక్కువైందో చెప్పకుండా 'రిజెక్టయింది' అని ఊరుకోవడం ఆయన చేతిలో మనం ఎన్నడూ చూడలేదు.

గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లి అక్కడే చనిపోయిన వాళ్ల భార్యల గురించి కూడా చెప్పాలి. మరణ ధ్రువీకరణ పత్రం గుజరాతీలో వస్తే ఇక్కడ ఎవరికీ అక్షరం ముక్క అర్థం కాదు. దాన్ని చదివించి, తెలుగులో రాయించి, వితంతు పింఛను మంజూరయ్యేదాకా ఫైలు వెంటపడ్డారు బాబు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన చెట్లను కూల్చి, ఇళ్లలో కాగితాలను నానబెట్టినప్పుడు తడిసిన రేషన్ కార్డులు ఆఫీసు వరండాలో ఆరబెట్టి నంబర్లు ఎక్కించుకున్నారు. ఇందులో దేనికీ ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. అందుకే ఈ గౌరవం.

అయితే ఒకటో తారీఖు నుంచి ఆ కుర్చీలో ఎవరు? ఇంతవరకూ ఉత్తర్వు రాలేదు. ఖాళీగా ఉంచితే దళారీలు వచ్చి కూర్చుంటారు. పెండింగు ఫైళ్లన్నీ లెక్కగా అప్పగించాలనీ, ఆ పోస్టు వెంటనే భర్తీ చేయాలనీ ఆ రోజే ఎంపీడీవో గారికి అర్జీ ఇస్తున్నాం. అందరూ సంతకం పెట్టండి, వేలిముద్ర అయినా సరే.

శాలువాలు, ఉంగరాలు తేవద్దు. ఉద్యోగంలో ఉండగా బహుమానాలు తీసుకోవడం నియమాలకు విరుద్ధం, ఆయనకు ఇష్టమూ లేదు. ఆగిపోయిన దరఖాస్తులుంటే తీసుకురండి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు వెంటనే పింఛను మంజూరు చేసే ఏర్పాటు 2024 నుంచి ఉంది. అది తెలియక ఊరుకున్న అక్కచెల్లెళ్లుంటే వాళ్లను వెంటబెట్టుకు రండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించని ఇళ్లవాళ్లు మరీ తప్పకుండా రావాలి; ఏడాది దాటితే తిప్పలు ఎక్కువవుతాయి.

ఊరికి ఇద్దరు చొప్పున చదువుకున్న కుర్రాళ్లు, ఆడపిల్లలు నోటుపుస్తకంతో రండి. ఏ పింఛనుకు ఏ కాగితం కావాలో, ఎక్కడ ఆగుతుందో, ఎవరిని అడగాలో బాబు స్వయంగా కూర్చోబెట్టి నేర్పుతానన్నారు. ఆయన మనల్ని అడిగిన కానుక ఇదొక్కటే. పట్నంలో చదువుతున్న పిల్లలకు ఈరోజే ఫోను చేసి రమ్మనండి.

ఈ నెల 31, మధ్యాహ్నం 3 గంటలకు, మండల పరిషత్ ఆఫీసు ఎదుట. నడవలేని వాళ్లను, డయాలసిస్ రోగులను తీసుకురావడానికి ఆటోవాళ్లు కిరాయి లేకుండా వస్తామన్నారు. ముందురోజే మీ వీధిలో చెప్పి ఉంచండి.

ఇట్లు,
ఉద్దానం పింఛనుదారులు, డయాలసిస్ రోగుల కుటుంబాలు, మత్స్యకార మహిళలు