మూడో ఫొటో

పోయిన మాఘమాసంలో తెనాలిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, వరసకు నాకు పిన్ని, నా విస్తరి వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ఆపరేషన్ చేయించుకున్నావు కదే అమ్మాయ్, మళ్ళీ ఇదేమిటి?" అన్నది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు, బెంగే ఉంది. ఆవిడకు అటువైపు కూర్చున్న బాబాయి మాత్రం "ఎన్ని లక్షలు పోశారో!" అని, బూరెకు చిల్లుపెట్టి నెయ్యి పోయించుకొన్నాడు.

ఇదే పిన్ని ఏడెనిమిదేళ్ళ కిందట ఇంకో పెళ్ళిలో, "ముఖం పీక్కుపోయిందే, చూసినవాళ్ళు ఏదో రోగమనుకుంటారు" అంటూ నా చేత బలవంతాన చక్రపొంగలి తినిపించబోయింది. తిననన్నందుకు అలిగింది కూడా. మన లోకంలో ఒంటి బరువు ఒక్కరిది కాదు, బంధుకోటి ఉమ్మడి ఆస్తి.

సరే, విషయానికి వస్తాను. 2016లో హైదరాబాదులో నేను బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకొన్నాను. అప్పటికి నా బరువు 112 కిలోలు, రోజుకు నలభై యూనిట్ల ఇన్సులిన్. మధుమేహం వల్ల మూత్రపిండాలు పాడై మా అమ్మ మూడేళ్ళ పాటు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్ళి, చివరకు ఆ ఆసుపత్రిలోనే పోయింది. ఆ మంచం పక్కన కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని నేను. కనుక నేను కత్తి కిందికి వెళ్ళింది సొగసు కోసం కాదు, భయంతో. (చాలామంది దీనిని కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్ అనుకొంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. అది తోలు కింద కొవ్వుకు చేసేది, ఇది జీర్ణాశయానికి చేసేది.) పద్నాలుగు నెలల్లో 71 కిలోలకు వచ్చాను. ఇన్సులిన్ పూర్తిగా మానేశాను. ఆసుపత్రి వారు నా పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి, నా అనుమతితోనే, తమ గోడకు తగిలించారు.

ఇప్పుడు నా బరువు 89.

ఆ అంకె తొంభై దిశగా జరుగుతున్న రెండేళ్ళూ నేను ఆ ఆసుపత్రి మెట్లెక్కలేదు. గుంటూరు నుంచి హైదరాబాదు దూరమనీ, పరీక్షల డ్యూటీ అనీ, రైలు టిక్కెట్లు దొరకలేదనీ చెప్పుకొన్నాను. అసలు కారణం ఆ గోడ. నా ఫొటో కిందే ఉన్న కుర్చీలో కూర్చొని నా పేరు పిలిచేదాకా ఎదురుచూడటం నా వల్ల అయ్యే పని కాదనిపించింది. ఈ టపా రాయడానికి కారణం కూడా ఆ రెండేళ్ళే. పెరిగిన బరువుకంటె, దాన్ని దాచుకోవడానికి పోగొట్టుకొన్న ఆ రెండేళ్ళే నాకు ఎక్కువ హాని చేశాయని ఇవాళ నా నిశ్చితాభిప్రాయం.

నాకు జరిగింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, నాలుగింట మూడు వంతులు తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందువల్ల మొదటి ఏడాది ఆకలి అంటే ఎలా ఉంటుందో నేను జ్ఞాపకం చేసుకోవలసి వచ్చేది. ఇడ్లీ సగం తినేసరికి లోకం మీద మోజు తీరిపోయేది. ఇదంతా నా నిగ్రహమే అనుకొన్నాను. ఎదుటివారు పొగిడితే కాదనలేదు. తప్పు అక్కడే మొదలైంది. తగ్గినప్పుడు ఘనత నాదని ఒప్పుకొన్నదాన్ని, పెరిగినప్పుడు నేరం నాది కాదని ఏ ముఖంతో అనగలను?

శరీరం మాత్రం ఈ ఘనతనూ నేరాన్నీ ఎరగదు. దానికి తెలిసిందల్లా నిల్వ తరిగిపోయిందని. ఆస్ట్రేలియాలో యాభైమందికి పది వారాలు అతి తక్కువ ఆహారం ఇచ్చి బరువు తగ్గించి, ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఆకలినీ తృప్తినీ నడిపే హార్మోనులు అప్పటికీ పాత స్థితికి రాలేదు, ఆకలి మొదటికంటె హెచ్చుగానే ఉంది. 2011లో అచ్చయిన అధ్యయనమిది. 2016లో వచ్చిన ఇంకొకటి మరీ విచిత్రం. అమెరికాలో బరువు తగ్గే పోటీగా నడిచిన ఒక టీవీ కార్యక్రమంలో పాల్గొన్న పద్నాలుగుమందిని ఆరేళ్ళ తర్వాత పిలిచి కొలిచారు. సగటున 58 కిలోలు తగ్గినవారు 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటె వింత, వారి శరీరాలు ఊరికే పడుకొని ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి, అంత బరువున్న మనిషికి ఉండవలసిన దానికంటె రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. జీతం తగ్గిన ఇల్లాలు పొదుపు నేర్చి, జీతం పెరిగినా ఆ పొదుపు మానకపోవడం వంటిది ఇది. ఇవి రెండూ పథ్యంతో తగ్గినవారి సంగతులు. శస్త్రచికిత్స ఈ తిరుగుబాటును బాగా మెత్తబరుస్తుంది కాని, పూర్తిగా అణచలేదు.

ఎంతవరకు అణచగలదో తెలియాలంటే స్వీడన్ వెళ్ళాలి. అక్కడ 1987లో మొదలుపెట్టి, నాలుగువేల పైచిలుకు స్థూలకాయులను ఏళ్ళ తరబడి గమనించారు. సగంమంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, సగంమంది మామూలు వైద్యంలో ఉన్నవారు. 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు ఆ తగ్గుదల 25 శాతం. అంటే కొంత తిరిగి వచ్చింది. కడుపు పైభాగాన పట్టీ వేయించుకొన్నవారిలో 20 శాతం కాస్తా 14 అయింది. నా రకం ఆపరేషన్ ఆ లెక్కలో లేదు, అప్పటికి అది వాడుకలోకి రాలేదు. అయినా ఆకృతి అదే: లోతుకు దిగి, కొంత పైకి వచ్చి, ఒకచోట నిలవడం. మామూలు వైద్యంలో ఉన్నవారి బరువు మాత్రం అన్నేళ్ళలోనూ రెండు శాతం అటూ ఇటూ కూడా కదల్లేదు. శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు, వయసు వగైరా తేడాలు సరిచూశాక, 29 శాతం తక్కువ. ఆ వర్గంలో బరువు కొంత తిరిగి పెరిగినవారు కూడా ఉన్నారు సుమండీ.

మా బాబాయి ఆ 32కూ 25కూ మధ్య ఉన్న ఏడును చూస్తున్నాడు. నేను కూడా రెండేళ్ళు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇలా హార్మోనుల మీద తోసేసి తప్పించుకొంటున్నావని ఎవరైనా అనవచ్చు. నా వాటా నేను చెబుతాను. స్లీవ్ అయినవారికి గట్టి తిండి కష్టం. కోడికూర ముక్క, గుడ్డు, గుగ్గిళ్ళు నిదానంగా నమిలితే గాని దిగవు, తొందరపడితే గుండెల్లో రాయి పెట్టినట్టుంటుంది. మెత్తని పప్పన్నం, పెరుగన్నం, నోట్లో కరిగిపోయే కారప్పూస, మరమరాలు, పంచదార వేసిన టీ... ఇవి హాయిగా జారిపోతాయి. ఆ చిన్న గొట్టం ఒకేసారి ఎక్కువ పట్టదు నిజమే, కాని రోజంతా కొంచెం కొంచెంగా ఎంతైనా పడుతుంది. 2020లో కాలేజీలు మూసి ఇంటినుంచి పాఠాలు చెప్పిన నెలల్లో నా కంప్యూటరు పక్కన కారప్పూస డబ్బా ఉండేది. సంధులు చెబుతూ, సమాసాలు చెబుతూ ఒక్కొక్క చిటికెడు. ఏ ఒక్క రోజూ నేను అతిగా తినలేదు. ఏ ఒక్క రోజూ తినడం ఆపలేదు. విటమిన్ మాత్రలు కూడా ఆ రోజుల్లోనే మానేశాను, బాగానే ఉన్నాను కదా అని.

ఇది నా తప్పే. కాని తప్పు వేరు, పాపం వేరు. తప్పయితే దిద్దుకోవచ్చు. పాపమంటేనే మనిషి ముఖం చాటేస్తాడు, నేను చాటేసినట్టు.

అన్నట్టు, ఈ శస్త్రచికిత్సల చరిత్రలో అంతర్జాలానికి ఒక విచిత్రమైన పాత్ర ఉంది. అమెరికన్ గాయని కార్నీ విల్సన్ 1999లో తన గ్యాస్ట్రిక్ బైపాస్‌ను అంతర్జాలంలో ప్రత్యక్ష ప్రసారం చేయించింది. మనలో చాలామంది టెలిఫోను తీగతో కుస్తీ పడుతూ ఒక బొమ్మ దిగడానికి పది నిమిషాలు కాచుకొన్న కాలమది! ఆవిడ బాగా సన్నబడింది, తర్వాత బరువు తిరిగి పెరిగింది, 2012లో రెండో ఆపరేషన్, ఈసారి కడుపుకు పట్టీ, వేయించుకొని ఆ సంగతీ బయటికే చెప్పింది. టీవీలో వాతావరణ వార్తలు చెప్పే ఆల్ రోకర్ 2002లో బైపాస్ చేయించుకొన్నాడు. తల్లి పోయిన దుఃఖంలో బరువు మళ్ళీ పెరిగిందని ఆయనే చెప్పుకొన్నాడు. వీరిని గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. వాళ్ళు మూడో ఫొటో కూడా చూపించారు. మన ఊళ్ళ కూడళ్ళలో వేలాడే ఆసుపత్రి ప్రకటనల్లో ఎప్పుడూ రెండే ఫొటోలు. ఎనిమిదో ఏట తీసిన ఫొటో నేనింతవరకు ఏ గోడ మీదా చూడలేదు.

చివరకు నన్ను మళ్ళీ హైదరాబాదు రైలెక్కించింది ధైర్యం కాదు, చక్కెర. మూడు నెలల సగటు చూపే పరీక్షలో 5.7 ఉండవలసిన చోట 6.8 వచ్చింది. అమ్మ మంచం కళ్ళముందు మెదిలింది.

డాక్టరుగారు తూకం చూసి ఏమీ అనలేదు. "ఆపరేషనుకు ముందు ఇన్సులిన్ ఎంత తీసుకునేవారమ్మా?" అని అడిగారు. నలభై అన్నాను. "ఇప్పుడు?" లేదన్నాను. "మోకాళ్ళు?" మూడంతస్తులూ ఎక్కి పాఠం చెబుతున్నానన్నాను. "మరి ఓడిపోయినదానిలా కూర్చున్నారేం?" అన్నారు. రెండేళ్ళుగా నన్ను నేను అడగవలసిన ప్రశ్నలివి. అడగలేదు.

తర్వాత పరీక్షలు. థైరాయిడ్ సరిగానే ఉంది. బి12 బాగా పడిపోయింది, అరికాళ్ళ తిమ్మిర్లకు వయసని నేను పెట్టుకొన్న పేరు తప్పన్నమాట. ఎండోస్కోపీలో గొట్టం కొద్దిగా సాగినట్టు కనిపించింది గాని, నేరమంతా దానిమీద మోపేటంత కాదట. పథ్యం చెప్పే అమ్మాయి, మా విద్యార్థినుల ఈడుదే, ఒక్క మాటతో నా యాభై ఏళ్ళ భోజనక్రమాన్ని తలకిందులు చేసింది: "మేడమ్, మీరు అన్నంలో పప్పు కలుపుకుంటున్నారు. ఇకనుంచి పప్పులో అన్నం కలుపుకోండి." ముందు గుడ్డో చేపో పనీరో, తర్వాత కూర, కడుపులో చోటుంటే అన్నం. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు. ఇవన్నీ 2016లోనూ చెప్పారు. కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఇక మందుల సంగతి. రెండో ఆపరేషన్ చేసి స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవచ్చుగాని, దానికంటె ముందు సూదిమందు ప్రయత్నిద్దామన్నారు. మన దేశానికి 2025లో వచ్చిన టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఆ కోవలోవి. ఆపరేషన్ తర్వాత తగినంత తగ్గని కొందరికి ఇంగ్లండులో ఈ జాతిదే అయిన లిరాగ్లుటైడ్ ఇచ్చి చూస్తే ఆరు నెలల్లో దాదాపు తొమ్మిది శాతం తగ్గారని, ఉత్తి సూది వేసినవారు ఒక్క శాతమైనా తగ్గలేదని 2023లో వచ్చింది. చదివి ఆశపడ్డాను. ధర విని కొంత నీరసపడ్డాను. ఆపితే మళ్ళీ పెరుగుతుందని మా తమ్ముడి ఆక్షేపణ. నిజమే, సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని పరిశోధకులే చెప్పారు. వాడు పదేళ్ళుగా రక్తపోటు మాత్ర మింగుతున్నాడు. దాన్ని ఆపితే ఏమవుతుందో వాడికీ తెలుసు, అయినా ఆ మాత్రను వాడు ఆక్షేపించడు. జన్మంతా ఒక కంపెనీకి నెలనెలా కప్పం కట్టాలన్న చిరాకు నాకూ ఉంది. అది వేరే తగవు.

ఆసుపత్రులతో నా పేచీ ఒక్కటే. ఆపరేషనుకు ముందు నాకు మత్తుమందు గురించి, కుట్లు లీకవడం గురించి, రక్తం గడ్డకట్టడం గురించి చెప్పి సంతకాలు పెట్టించుకొన్నారు. మూడో ఏటినుంచి కొంత పెరుగుతుంది, అప్పుడు దాక్కోకుండా రండి అని ఒక్క ముక్క చెప్పలేదు. మొదటి రెండేళ్ళు ఫోన్లు వచ్చేవి. తర్వాత నాకు వచ్చిన ఫోనల్లా, తెలిసినవారెవరైనా ఉంటే పంపించమని. ఆ ఫోను చేసే ఓపికలో సగం నావంటి ముఖం చాటేసినవారిని వెతకడానికి వెచ్చించి ఉంటే, నా బి12 అంత దూరం పోయేది కాదు.

సూదిమందు మొదలుపెట్టి ఆరు వారాలయింది. కొద్దిగా వికారం, కారప్పూస మీద వైరాగ్యం. మొన్న వెళ్ళినప్పుడు గోడ మీది నా ఫొటోలను చూపించి, పక్కన ఇప్పటి ఫొటో కూడా పెట్టమని అడిగాను. కింద బరువు రాయండి, ఇన్సులిన్ సున్నా అని కూడా రాయండి అన్నాను. రిసెప్షనులో అమ్మాయి తడబడి, మార్కెటింగువారిని అడిగి చెబుతానన్నది. ఫొటో మాత్రం తీసుకొన్నారు. పసుపుపచ్చ చీరలో, కొంచెం నవ్వుతూ, బాగానే ఉన్నాను.