నిరుటి ధర చూసి వేసిన పంట

గుంటూరు ప్రాంతపు మిరప రైతుల కష్టం గురించి మీరు వినే ఉంటారు. ఒక ఏడాది మిరపకు మంచి ధర పలుకుతుంది. అది చూసి మరుసటి ఏడాది ఊరంతా మిరపే వేస్తుంది. కాయలు యార్డుకు చేరేసరికి ధర పడిపోతుంది. అర్థశాస్త్రంలో దీనిని సాలెగూడు సిద్ధాంతం అంటారు. చదువుల విషయంలోనూ ఇలాగే జరుగుతుందని రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆర్థికవేత్త 1976లో అమెరికా ఇంజనీర్లను ఉదాహరణగా తీసుకొని చూపారు. జీతాలు చూసి కోర్సులో చేరిన విద్యార్థి నాలుగేళ్లకు బయటికి వస్తాడు. అప్పటికి అదే చదువు చదివినవారు వీధికి పదిమంది ఉంటారు.

మన తెలుగువారి అనుభవమే చూద్దాం. 1990ల చివరలో హైదరాబాదులోని అమీర్‌పేట కంప్యూటరు శిక్షణకు పేరుపొందింది. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు. 2000 రాగానే కంప్యూటరు దానిని 1900 అని పొరబడే ప్రమాదం ఉండేది. వాటిని సరిదిద్దడానికి కోబాల్ అనే పాత కంప్యూటరు భాష తెలిసినవారు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. కంప్యూటరుతో ఏ సంబంధమూ లేని డిగ్రీలు చదివినవారు కూడా కొద్ది నెలల కోర్సుల్లో చేరారు. అప్పు చేసి ఫీజు కట్టిన కుటుంబాలు ఎన్నో.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ గిరాకీ ఏ తేదీతో తీరిపోతుందో అందరికీ ముందే తెలుసు. అది సమస్య పేరులోనే ఉంది! అయినా ఆ చివరి ఏడాదిలోనూ చేరేవారు చేరుతూనే ఉన్నారు. ఆ పని పోయినా ఇంటర్‌నెట్ కంపెనీలు ఉన్నాయి కదా అనుకున్నారు. అమెరికా షేర్లలో నాస్‌డాక్ సూచీ 2000 మార్చిలో 5,048కి చేరింది. 2002 అక్టోబరుకు 1,114కు పడింది. హెచ్-1బి వీసాల పరిమితిని 2001 నుంచి ఏడాదికి 1,95,000కు పెంచారు. అంటే తలుపు బాగా తెరుచుకునే వేళకు లోపల పని కరువైంది. వెళ్లినవారిలో చాలామంది 'బెంచి' మీద కూర్చున్నారు. కొందరు తిరిగి వచ్చారు.

'ఆశకు పోయారు, అనుభవించారు' అని పెద్దలు తేల్చేస్తుంటారు. నేను ఒప్పుకోను. అమెరికాలో బంధువులున్న ఇంటికి ఈ కబురు ముందుగా చేరింది. పల్లెలో ఉన్నవారికి పక్కింటి అబ్బాయి మేడ కట్టినప్పుడే తెలిసింది. ఆలస్యంగా విన్నవారే ఆఖరున చేరారు, నష్టమూ వారికే ఎక్కువ. శిక్షణ సంస్థకు మాత్రం ఫీజు మొదటి రోజే ముట్టింది. పాఠాలు రాసే మాబోటివారికీ ఇందులో భాగం ఉంది. పాఠం చివర 'ఉద్యోగావకాశాలు' అని ఒక పెట్టె కడతాం. అది రాసిన ఏడు వేరు, మీరు చదివే ఏడు వేరు.

సాఫ్ట్‌వేర్ రంగం చచ్చిపోలేదు. కొన్నేళ్లలోనే పుంజుకుంది. అయితే కోబాల్ ఒక్కటే బట్టీపట్టినవారి కన్నా, లెక్కలు, తర్కం గట్టిగా నేర్చినవారికి కొత్త భాషలకు మారడం తేలికైంది. నేడు అమీర్‌పేట బోర్డుల మీద డేటా సైన్స్, కృత్రిమ మేధ అనే పేర్లు కనిపిస్తున్నాయి. ఆ చదువులు చెడ్డవని నేననను. బోర్డు మీది జీతం ఎవరికి, ఏ ఏడు వచ్చిందో అడగమంటాను.

మీరు పుదుచ్చేరి దగ్గర సేదరపేట్‌లో ఉన్నారనుకోండి. అక్కడ పారిశ్రామికవాడ ఉంది. ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు, పని ముగించి గేటు బయటికి వస్తున్న ఇద్దరు ముగ్గురిని పలకరించండి. ఆ కోర్సు చదివినవారు కిందటి ఏడాది లోపల ఎందరు చేరారు, ఎందరు నిలిచారు అని అడగండి.