కొంగర కలాన్‌లో ఆగేది ఎవరి ఫైలు?

"మన దగ్గర పరాయి దేశపోడు వ్యాపారం చెయ్యలేడండీ. ఫైలు కదలదు, సంతకం పడదు, చివరికి దండం పెట్టి పోతాడు." ఈ మాట టీవీ చర్చల్లో వింటాం, పారిశ్రామిక సదస్సుల్లో వింటాం, సెలవులకొచ్చిన అమెరికా బంధువు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ అంటుంటే వింటాం. వెంటనే మందు కూడా చెప్పేస్తారు. రూల్స్ తీసెయ్యాలట, ముందుగా భూమి రూల్స్ తీసెయ్యాలట. ఈ రోగనిర్ణయమే తప్పని నా వాదన. దానికి సాక్ష్యం వెతుక్కుంటూ ఇబ్రహీంపట్నం మండలం దాటి పెద్దగా పోనక్కర్లేదు.

కొంగర కలాన్‌కి వెళ్దాం. ఔటర్ రింగు రోడ్డు దగ్గరి ఈ ఊళ్లో రెండు పెద్ద కట్టడాలున్నాయి. ఒకటి 2022 ఆగస్టులో ప్రారంభించిన రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు. రెండోది తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ. 2023 మార్చి 2న ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియు హైదరాబాద్ వచ్చి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను కలిశారు. లక్ష ఉద్యోగాలన్నారు. మే 15న కేటీఆర్ శంకుస్థాపన చేశారు. నడుమ గడిచింది రెండున్నర నెలలు. మరుసటి జనవరిలో కేంద్రం యంగ్ లియుకి పద్మభూషణ్ ప్రకటించింది. ఈ కథలో పరాయివాడు ఏ కిటికీ ముందు నిలబడ్డాడో, ఏ గుమాస్తా ఆయన్ని రేపు రమ్మన్నాడో ఎంత వెతికినా దొరకదు.

ఇదేమీ ఆయన అదృష్టం కాదు, దీనికో చట్టం ఉంది. 2014లో తెచ్చిన టీఎస్-ఐపాస్ ప్రకారం 200 కోట్లు దాటే ప్రాజెక్టుకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు ఇచ్చెయ్యాలి. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. మంచి చట్టమే. పరిశ్రమలు రావాలి, మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి, అందులో తగాదా లేదు.

ఇప్పుడు సోమవారం పూట, అర్జీలు తీసుకునే ప్రజావాణి వేళకి అదే ఊళ్లోని కలెక్టరేటుకు రండి. వరండాలో కూర్చున్న పెద్దమనిషి చేతిలో బట్టల షాపు క్యారీబ్యాగు ఉంటుంది. అందులో పట్టాదారు పాస్‌బుక్, కాస్రా పహాణీ జిరాక్స్, ఈసీ, పాత అర్జీల రసీదులు, అన్నీ కలిపి ఒక రబ్బరు బ్యాండు. ఎకరం ఇరవై గుంటల్లో పది గుంటలు రికార్డులో ఎగిరిపోయి ఉంటాయి. లేదా పట్టా భూమి నిషేధిత జాబితాలో, జనం నోట్లో 22ఏలో, పడి ఉంటుంది. లేదా ఎప్పుడో తండ్రి రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామా మీద కొన్న చెలక ఇంకా అమ్మినాయన పేరు మీదే కనిపిస్తుంటుంది. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది, క్యారీబ్యాగు అదే. ఈయన పని ఆలస్యమైన ప్రతి రోజుకీ వెయ్యి రూపాయలు ఎవరి జీతంలోంచి కోస్తున్నారు? ఆ చట్టం ఈయన కోసం రాసింది కాదు.

విదేశీ వ్యాపారి దారిలోంచి ఎత్తిన రాయి ఎక్కడికీ పోదు, పక్క చేను గట్టు మీద పడుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కంపెనీకి భూమి రెండు వారాల్లో సిద్ధంగా కనిపించాలంటే, అంతకు ముందే ప్రభుత్వం దాన్ని ఎవరి దగ్గరో తీసుకుని ఉండాలి. నోటీసులు, అభ్యంతరాలు, పరిహారం లెక్కలు, కోర్టు వాయిదాలు అన్నీ ఆ 'అంతకు ముందు'లో ఉంటాయి. పెట్టుబడిదారుడికి అవి కనిపించవు కాబట్టి లేవనుకుంటాం.

అవి కనిపించాలంటే ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోనే ఉన్న యాచారం మండలానికి పోవాలి. ఫార్మాసిటీ కోసం దాదాపు 19 వేల ఎకరాలు అనుకున్నారు. దేశవిదేశీ మందుల కంపెనీలు బారులు తీరతాయన్నారు. మేడిపల్లి, కుర్మిద్ద గ్రామాల రైతులు భూమి ఇవ్వమని కోర్టుకెళ్లారు. చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదంటూ 2023 ఆగస్టులో హైకోర్టు అక్కడి భూసేకరణ అవార్డులను కొట్టేసింది. పరిహారం తీసుకోకున్నా రికార్డుల్లో తమ పేర్లు తీసేశారని, రైతుబంధు ఆగిపోయిందని ఆ రైతులు ఏళ్లుగా మొత్తుకున్నారు. చూడండి విచిత్రం: ఇంకా రాని కంపెనీకి దారి సుగమమైంది, ఉన్న రైతుకి తన పేరు తాను నిరూపించుకోవాల్సిన అవస్థ పట్టింది. దీనికి ముందు 2015లో 123 జీవో ఉండేది. 2013 భూసేకరణ చట్టం 'అడ్డంకి' అనిపించి, దాన్ని పక్కన పెట్టి నేరుగా కొనుక్కునే దారి అది. జహీరాబాద్ దగ్గర నిమ్జ్ అనే తయారీ జోన్ భూముల కేసులో 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్నీ కొట్టేశారు. కూలీకీ కౌలుదారుకీ పునరావాసం ఇవ్వాలన్న చట్టాన్ని అడ్డంకి అని పిలవడం ఎవరికి అనుకూలమో వేరే చెప్పాలా?

ఈ అలవాటు ఈనాటిది కాదనుకోండి. ఇబ్రహీంపట్నానికీ అక్కడి పెద్ద చెరువుకీ పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా మునిమనవడు అబ్దుల్లా 1632లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి ఫర్మానా రాసిచ్చాడు. చరిత్రలో అది బంగారు ఫర్మానా. ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, గోల్కొండ రాజ్యం రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. మచిలీపట్నంలో సరుకు దింపే మన వర్తకుడికి ఆ రాయితీ లేదు. సింగిల్ విండో మనం కనిపెట్టామనుకుంటాం గానీ, గోల్కొండ సుల్తానులే ముందు.

రూల్స్ చూసి విదేశీయులు పారిపోతారన్న వాదనకి గట్టి జవాబు ఈ ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలోనే ఉంది. రక్షణ రంగంలో విదేశీ వాటా 26 శాతం మించకూడదని కేంద్రం గీత గీసిన రోజుల్లోనే, 2010లో, లాక్‌హీడ్ మార్టిన్ టాటాలతో కలిసి కంపెనీ పెట్టింది. వాటాలు 74, 26. సి-130జె విమానాల తోక భాగాలు ఇప్పుడు ప్రపంచానికి ఇక్కడి నుంచే పోతాయి. సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు చేయించుకుంది. తర్వాత బోయింగ్ వచ్చింది, 2018 మార్చిలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేసే ఫ్యాక్టరీ తెరిచారు. 26 శాతం గీత 2014లో 49కి, 2020లో 74కి జరిగింది. గీత దగ్గరగా ఉందని రాకుండా పోలేదు. గీత ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి లెక్క వేసుకుని వచ్చారు.

మరి వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు? అమరావతిలో 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియా కట్టాల్సిన సింగపూర్ కంపెనీల కూటమి 2019 నవంబరులో తప్పుకుంది. అదే ఏడాది విశాఖలో లులు గ్రూపుకిచ్చిన 13.83 ఎకరాల కేటాయింపు రద్దయింది. ఈ రెండింటినీ ఆపింది ఏ సెక్షన్ సూపరింటెండెంటూ కాదు. ప్రభుత్వం మారింది, పాత ప్రభుత్వం ఇచ్చిన మాట చెల్లలేదు. మన కోనసీమ తీరాన రవ్వ క్షేత్రంలో చమురు తీసిన విదేశీ కంపెనీ కెయిర్న్‌దీ ఇదే బాధ. 2006 నాటి లావాదేవీ మీద 2012లో చేసిన వెనకటి తేదీ చట్టంతో పన్ను అడిగారు. 2020 డిసెంబరులో అంతర్జాతీయ ట్రిబ్యునల్ 120 కోట్ల డాలర్లు తిరిగివ్వమంది, 2021 ఆగస్టులో కేంద్రం ఆ చట్టాన్నే వెనక్కి తీసుకుంది. ఇక్కడ పరాయివాడికి అన్యాయం జరిగింది, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ అన్యాయం రూల్ ఉన్నందుకు జరగలేదు, ఉన్న రూల్‌ని తర్వాత తిరగరాసినందుకు జరిగింది. రూల్స్ తీసెయ్యమనే మందు ఈ జబ్బుకి పనిచెయ్యదు. రూల్ వల్లే ఆగిందీ ఒకటుంది. సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి కావాలని 2020లో పెట్టిన నిబంధన తర్వాత, 2023లో హైదరాబాద్ మేఘా సంస్థతో చైనా కంపెనీ బీవైడీ పెట్టదలచిన వంద కోట్ల డాలర్ల ప్రతిపాదన ఆగిపోయింది. దాన్ని రెడ్ టేపిజం అని తిట్టినవాళ్లు నాకు తగల్లేదు. అంటే అడ్డంకి మనకు నచ్చినప్పుడు దేశభద్రత, నచ్చనప్పుడు బ్యూరోక్రసీ.

ర్యాంకుల సంగతి ఒక ముక్క. ప్రపంచ బ్యాంకు 'వ్యాపార సౌలభ్యం' జాబితాలో మనం 142 నుంచి 63కి ఎక్కామని పండగ చేసుకున్నాం. ఆ సర్వే చూసింది ముంబై, ఢిల్లీలను. వ్యాపారం మొదలుపెట్టడాన్ని కొలిచేటప్పుడు వాళ్లు ఊహించుకున్న కంపెనీ నూరు శాతం స్వదేశీయులది. విదేశీయుడి కష్టాన్ని అది కొలవనే లేదు. లెక్కల్లో అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకే ఆ నివేదికని ఆపేసింది. మన దగ్గర ఇంకా దాన్నే ఉదహరిస్తున్నారు.

అలాగని పరాయివాళ్లెవరికీ ఇబ్బంది లేదనను. ఇబ్బంది చిన్నవాడికి ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో తిరిగొచ్చి, ఆదిభట్ల కంపెనీలకు విడిభాగాలు చేసే చిన్న యూనిట్ పెడదామనుకునే మన తెలుగాయన్నే తీసుకోండి. చట్టం కళ్లకు ఆయన విదేశీయుడే. కంపెనీకి ఏడాదిలో 182 రోజులు ఇక్కడుండే డైరెక్టర్ ఒకరు కావాలి. అక్కడి కాగితాలకు అపోస్టిల్ ముద్ర కావాలి. పంపిన డబ్బుకు 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, ఇచ్చిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు ఫారం పెట్టాలి. చికాకే. అయినా మంచి సీఏ దొరికితే గట్టెక్కే చికాకు. ఆయన మునిగేది షెడ్డుకి స్థలం చూసుకున్నాక. లింక్ డాక్యుమెంట్లు అడిగితే మధ్యలో ఒకటి ఉండదు. నాలా కన్వర్షన్ అయిందంటారు, ఎంత విస్తీర్ణానికో తేలదు. మూల పట్టాదారు వారసుల్లో ఒకరు సంతకం పెట్టలేదని అడ్వాన్సు ఇచ్చాక తెలుస్తుంది. అంటే ఈయన చిక్కుకున్నదీ ప్రజావాణి వరండాలోని పెద్దమనిషి చిక్కుకున్న చోటే. రికార్డు బాగుచేస్తే ఇద్దరూ బయటపడతారు. ఐపాస్‌లోని రోజుకు వెయ్యి జరిమానాని మ్యుటేషన్‌కీ, సర్వేకీ, 22ఏ తొలగింపుకీ పెట్టండి, ఆ తర్వాత పెట్టుబడుల సదస్సులు ఎన్నయినా జరుపుకోండి.

తమాషా ఏమిటంటే ఇక్కడి రూల్స్‌ని తిట్టే మనవాళ్లే అక్కడి రూల్స్‌కి తలొంచి 'సిస్టమ్ బాగుంటుంది' అంటారు. దుబాయిలో ఫ్రీ జోన్ బయట కంపెనీ పెడితే 2021 జూన్ దాకా సాధారణంగా 51 శాతం అక్కడి పౌరుడి పేరు మీద ఉండాల్సిందే. మన తెలుగు వ్యాపారులు అలాగే పెట్టారు, సంపాదించారు. అమెరికాలో చిన్న పెట్టుబడితో వ్యాపారం చేసుకోనిచ్చే ఇ-2 వీసా భారతీయులకు లేనే లేదు, మనతో ఆ ఒప్పందం లేదు కాబట్టి. ఇబి-5 దారి కావాలంటే తక్కువలో తక్కువ 8 లక్షల డాలర్లు. ఇక అయోవా రాష్ట్రంలో అక్కడ నివాసముండని విదేశీయుడు సాగుభూమి కొనడానికే వీల్లేదు. మొక్కజొన్న రైతుని కాపాడుకోవడానికి అయోవా చేస్తే అది వివేకం. మన విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలు ఎన్నారైలూ ఓసీఐలూ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు కొనకూడదంటే మాత్రం వెనకబాటుతనం!

ఈ నిషేధాన్ని ఎత్తెయ్యమని అడిగేవాళ్లు ఒకసారి సాగర్ రోడ్డు మీద హోర్డింగులు చదవాలి. ఫామ్ ప్లాట్లు, గుంటల లెక్కన, చుట్టూ ఫెన్సింగ్, శ్రీగంధం మొక్కలు ఫ్రీ, ఎన్నారైలకు ప్రత్యేక ధర. నిషేధం ఉండగానే ఇంత జోరు. జొన్నో పత్తో వేసుకునే రైతు, పక్క ఎకరం డాలర్లలో పలికితే ఎలా కొంటాడు? ఉన్నది ఎన్నాళ్లు నిలబెట్టుకుంటాడు? తాతల భూమి వారసత్వంగా వస్తే ఓసీఐ నిక్షేపంగా ఉంచుకోవచ్చు. చట్టం కాదన్నది కొత్తగా కొనడాన్నే, అందులో నాకు తప్పు కనిపించడం లేదు.

కానీ ఫెమా సంగతి ఎత్తితే బ్రోకర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "అదేం లేద్సార్, మీ బావమరిది పేరు మీద చేపిద్దాం." బావమరిదికి పాస్‌బుక్ వస్తుంది, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా కూడా వస్తుంది. పదేళ్లకు ఇద్దరికీ చెడి కోర్టుకెక్కితే, డబ్బు తనదేనని నిరూపించుకున్న క్షణమే ఎన్నారై బినామీ లావాదేవీ ఒప్పుకున్నట్టు అవుతుంది. 2016 సవరణ తర్వాత దానికి ఏడేళ్ల దాకా జైలు, భూమి ప్రభుత్వానికి జప్తు. బ్రోకర్‌కి కమీషన్ మాత్రం రిజిస్ట్రేషన్ రోజునే ముట్టి ఉంటుంది.